ఏక్‌వీస్‌కీ ఇరవై ఒకటికీ మధ్య ఒక లెక్కల ఏడాది

మొన్న బతుకమ్మ సెలవులకు నిజామాబాద్ నుంచి మా మేనకోడలు మహారాష్ట్రలో, నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లోని మా ఇంటికి వచ్చింది. అక్కడ తొమ్మిదో తరగతి, తెలుగు మీడియం. మావాడిదీ తొమ్మిదే, కాకపోతే మరాఠీ మీడియం. ఒక సాయంత్రం ఇద్దరూ పుస్తకాలు ముందేసుకుని కొట్లాటకు దిగారు. రూట్ రెండు ఏ రకం సంఖ్య అన్నది గొడవ. మావాడు ‘అపరిమేయ’ అంటాడు. పిల్ల ‘కరణీయ’ అంటుంది. మావాడు ఆమె పుస్తకం లాక్కుని చూశాడు. అందులో ‘అకరణీయ సంఖ్యలు’ అని కనబడింది. ముందు ‘అ’ ఉంది కాబట్టి రూట్ రెండు అందులోకే రావాలని వాడి వాదన. ‘బావా, నువ్వు తలకిందులుగా చదువుతున్నావు’ అంది ఆ పిల్ల.

నిజానికి రూట్ రెండుకు ఎవరి భాషలో వాళ్లు చెప్పిన పేరు ఒప్పే. మరాఠీలో పరిమేయ అంటే భిన్నంగా రాయగలిగే సంఖ్య, అపరిమేయ అంటే రాయలేనిది. తెలుగులో అదే తిరగబడింది. భిన్నంగా రాయగలిగేది అకరణీయ, రాయలేనిది కరణీయ. అక్కడ ‘అ’ తగిలితే రాయలేనిది, ఇక్కడ ‘అ’ తగిలితే రాయగలిగేది. తమాషా ఏమిటంటే రూట్ గుర్తు కిందే మిగిలిపోయే సంఖ్యకు కరణి అన్న మాట రెండు భాషల్లోనూ ఉంది. మావాడి పుస్తకంలో రూట్ల లెక్కలున్న చోట ‘కరణీ’ అనే రాసి ఉంది. కరణి కానిది అకరణీయ అని ఒక్క ముక్క చెబితే తగువు అక్కడితో తీరిపోయేది. చెప్పేవాళ్లు లేరు. మావాడి సారుకు తెలుగు రాదు. అది ఆయన తప్పు కాదు.

సరిహద్దు ఊళ్ల పిల్లలు ఏడాదిలో ఎంత గణితం నేర్చుకుంటున్నారని ఎవరైనా అడిగితే మనం వెంటనే పాఠాలు లెక్కబెడతాం. ఆ లెక్కలో పెద్ద తేడా కనిపించదు. మహారాష్ట్ర పదో తరగతిలో గణితం రెండు భాగాలు. మొదటిదాంట్లో రెండు చరరాశుల రేఖీయ సమీకరణాలు, వర్గ సమీకరణాలు, అంకశ్రేఢి, ఆర్థిక ప్రణాళిక, సంభావ్యత, సాంఖ్యక శాస్త్రం. రెండోదాంట్లో సరూపత, పైథాగరస్ సిద్ధాంతం, వృత్తం, నిర్మాణాలు, నిరూపక జ్యామితి, త్రికోణమితి, క్షేత్రమితి. ఒక్కో భాగానికి 40 మార్కుల రాత పరీక్ష, మిగతా 20 బడి చేతిలో. తెలంగాణలో 14 అధ్యాయాల ఒకే పుస్తకం, ముప్పాతిక వంతు ఇవే.

తేడాలు చిన్నవే గానీ దెబ్బ తగిలేది ఆ చిన్నచోటే. తెలంగాణ పిల్లలు పదిలో సమితులు చదువుతారు, మావాళ్లు తొమ్మిదిలోనే ముగిస్తారు. అక్కడ పదిలో సంవర్గమానాలు (లాగ్‌లు) తగులుతాయి, ఇక్కడి పది పుస్తకంలో ఆ మాటే ఉండదు. మావాళ్లు సమీకరణాలు సాధించే క్రామర్ పద్ధతి, దానికి కావలసిన నిర్ధారకాలు పదిలోనే చేస్తారు. అటువైపు పిల్లలకు నిర్ధారకం మొహం కనిపించేది ఇంటర్‌లో. పది అయ్యాక మా ఊరి పిల్లలు కొందరు లాతూర్, నాందేడ్ కోచింగ్‌లకు పోతారు, కొందరు బోధన్, నిజామాబాద్ కాలేజీల్లో చేరతారు. ఇటు నుంచి అటు పోయినవాడికి లాగ్ అనగానే మొదటి వారమే టెన్షన్ మొదలవుతుంది. వాడికి గణితం రాక కాదు, పేజీ తేడా అంతే. నెల రోజుల్లో సర్దుకుంటాడు. అందుకే సిలబస్ తేడా మీద నాకు పెద్దగా బెంగ లేదు.

నా బెంగంతా మాటల మీద. ముందుగా అంకెల పేర్లే చూడండి. ఇంట్లో 21ని ఇరవై ఒకటి అంటాం, చెవికి వినిపించిన వరుసలోనే చేయి రాస్తుంది. బడిలో అది ఏక్‌వీస్, అంటే ఒకటి ముందు, ఇరవై వెనక. 47 సత్తేచాళీస్ అనగానే ఏడు ముందు వినిపిస్తుంది, చిన్న క్లాసు పిల్లాడు 74 వేసేస్తాడు. 59 అయితే ఏకోణ్‌సాఠ్, అరవైకి ఒకటి తక్కువ. 2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి రెండో తరగతి గణితం పుస్తకంలో ఏక్‌వీస్‌తో పాటు ‘వీస్ ఏక్’ అని చదివే పద్ధతి పెట్టారు. మరాఠీని పాడుచేస్తున్నారని పెద్ద రచ్చే అయింది. అప్పుడు గణిత సమితికి అధ్యక్షురాలైన మంగళా నార్లీకర్ తెలుగు, కన్నడ లాంటి దక్షిణాది భాషల్లో ఇలాగే చదువుతారని గుర్తు చేశారు. ఆ గొడవ టీవీలో చూస్తూ మా వీధిలో నవ్వుకున్నాం. పుణెలో తగువు పడుతున్న ఆ పద్ధతి మా వంటింట్లో ఎప్పటినుంచో ఉన్నదే కదా.

ఇదంతా రెండో తరగతితో పోయే బాధ అనుకుంటే పొరపాటు. తొమ్మిది, పదుల్లో సగటు కట్టేటప్పుడు, వర్గ సమీకరణాన్ని కారణాంకాలుగా విడగొట్టేటప్పుడు పిల్లాడు మనసులో కూడికలు తెలుగులో చేసి, బయటికి మరాఠీలో చెప్పాలి. ఆ మలుపులో ఒక క్షణం పోతుంది. నలభై మంది ఉన్న క్లాసులో ఆ క్షణం ఆగితే పక్కవాడు జవాబు చెప్పేస్తాడు. నాలుగుసార్లు అలా అయితే మనవాడు చేయెత్తడం మానేస్తాడు. ఏడాది చివర ‘లెక్కల్లో వీక్’ అన్న పేరు మిగులుతుంది. (ఫోన్ నంబరు మాత్రం మరాఠీవాళ్లూ తెలుగువాళ్లూ అందరూ ఇంగ్లీషులోనే చెబుతారు, అక్కడ ఎవరికీ పేచీ లేదు.)

రేఖాగణితం దగ్గర ఇంకా కష్టం. వ్యాసార్థాన్ని మరాఠీలో త్రిజ్యా అంటారు, నిష్పత్తిని గుణోత్తర్, క్షేత్రమితిని మహత్త్వమాపన్. కర్ణం, వ్యాసం, త్రికోణమితి, సంభావ్యత లాంటివి మాత్రం దాదాపు అలాగే ఉంటాయి. సగం మాటలు చుట్టాలే, సగం పరాయివి. ఏది చుట్టమో ఏది కాదో విడమర్చి చెప్పే పని బడిలో జరగడం లేదు. దానికి తోడు ప్రశ్నపత్రంలో ‘కృతీ పూర్ణ్ కరా’ అని ఒక రకం ప్రశ్నలుంటాయి. నిరూపణ మొత్తం అచ్చువేసి, మధ్యమధ్య ఖాళీ గళ్లు వదులుతారు. గళ్లు నింపితే మార్కులు. తడబడే పిల్లాడికి ఊతంగా ఉండాలనే దీన్ని పెట్టి ఉంటారు, ఆ ఉద్దేశం మీద నాకు కోపం లేదు. కానీ భాష తెలియని పిల్లాడికి అది దొడ్డిదారి అయింది. ఏ గడిలో ఏముంటుందో బట్టీ పడితే చాలు, పై వరుసకూ కింది వరుసకూ సంబంధం ఏమిటో అక్కర్లేదు. మావాడిని పైథాగరస్ సిద్ధాంతం ఎందుకు నిజమో తెలుగులో చెప్పమన్నాను. బొమ్మ గీశాడు, లంబం దించాడు, అక్కడ ఆగిపోయాడు. మరాఠీలో చెప్పమంటే గడగడా అప్పజెప్పాడు. మధ్యలో ఒక వరుస మార్చి అడిగితే మళ్లీ ఆగిపోయాడు.

పుస్తకంలో నాకు బాగా నచ్చింది ఆర్థిక ప్రణాళిక. తొమ్మిదిలో ఆదాయపు పన్ను, పదిలో జీఎస్టీ, షేర్లు, మ్యూచువల్ ఫండు. తెలంగాణ పది పుస్తకంలో ఈ పాఠం లేదు, ఉండాల్సింది. మిర్చి మార్కెట్ ఉన్న ఊరు మాది. తరుగు, హమాలీ, అడ్తి లెక్కలు పుట్టినప్పటి నుంచి పిల్లల చెవిన పడుతూనే ఉంటాయి. అయితే 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీలో దాదాపు అన్ని సరుకులకూ 12, 28 శాతం స్లాబులు ఎత్తేశారు. పాత పుస్తకం పట్టుకున్న పిల్లాడు ఇంకా ఆ రెండింటితోనే లెక్కలు కడుతున్నాడు. అదే మంచి ప్రశ్న అవుతుంది. మీ నాన్న దుకాణం బిల్లు తెచ్చి పుస్తకంతో పోల్చు అంటే గంటసేపు క్లాసు నడుస్తుంది.

భూమి లెక్కా అంతే. ఇంట్లో ఎకరాలు, గుంటలు. సాత్‌బారా కాగితంలో, అంటే ఇక్కడి భూమి రికార్డులో, హెక్టార్లు, ఆర్‌లు. పుస్తకంలో చదరపు మీటర్లు. మూడూ ఒకటేనని మా పిల్లలకు తెలియదు. మాకు మూడెకరాల పదిహేను గుంటలుంది. ఎకరానికి 40 చొప్పున 135 గుంటలు. గుంట 101 చదరపు మీటర్ల పైచిలుకు, ఆర్ సరిగ్గా 100. అంటే గుంటకూ ఆర్‌కూ తేడా నూటికి ఒకటి చిల్లర. మా పొలం 136 ఆర్‌ల పైన, అంటే 1 హెక్టారు 36 ఆర్‌లు దాటుతుంది. ఈ లెక్క చేయించాక మావాడు సాత్‌బారా తీసుకుని ఆ అంకెను తానే వెతికాడు. క్షేత్రమితి పాఠంలో అరడజను శంకువులు చేయించినా ఆ ఉత్సాహం చూడలేదు.

ఈలోగా పైనుంచి వస్తున్న ఆలోచన వేరు. 2024లో మహారాష్ట్ర కొత్త పాఠ్య ప్రణాళిక ప్రతిపాదన వార్తల్లోకి వచ్చింది. గణితం, సైన్సులో 35కి బదులు 20 వచ్చినా పదకొండులోకి పోనిస్తారు, కానీ ఇకపై ఆ సబ్జెక్టులు తీసుకోలేడని మార్కుల పత్రంలో రాస్తారు. పిల్లాడు ఫెయిలై బడి మానేయకుండా ఉండటానికే అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ త్రిజ్యా అంటే వ్యాసార్థమని చెప్పే దిక్కులేక 22 మార్కుల దగ్గర ఆగినవాడికీ, నిజంగా గణితం మీద మనసు లేనివాడికీ ఆ కాగితం మీద పడే ముద్ర ఒకటే.

తెలుగు మీడియం బడులు పెట్టమని నేను అడగడం లేదు. 1956 నవంబరు 1 వరకు నాందేడ్ హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది, ఆ ముచ్చట ఇప్పుడు తవ్వి లాభం లేదు. మా పిల్లలు మరాఠీలోనే చదువుతారు, చదవాలి కూడా. ధర్మాబాద్, బిలోలి, దేగ్లూర్ తాలూకాల బడులకు పోయే గణితం పుస్తకాల చివర నాలుగు పేజీలు కలిపితే చాలు. ఎడమవైపు మరాఠీ మాట, కుడివైపు తెలుగు మాట. గడ్చిరోలి జిల్లా సిరోంచలోని తెలుగు పిల్లలకూ అదే పనికొస్తుంది. మా మేనకోడలు పోయేముందు మావాడి నోట్‌బుక్కు వెనక అలాంటి పట్టిక ఒకటి మొదలుపెట్టింది. పదకొండు మాటలు రాసింది. మొదటి వరుసలో అపరిమేయ, పక్కనే కరణీయ. దాని కింద ఎర్ర పెన్నుతో ‘ఇది తిరగబడుతుంది, జాగ్రత్త’ అని రాసిపెట్టింది.