రెండో కృష్ణుడు వచ్చినా పద్యం అదే

ఒక మంత్రి, ఆయన శాఖ కార్యదర్శి మధ్య నడిచే పాత బ్రిటిష్ టీవీ కామెడీ 'ఎస్ మినిస్టర్' పాత్రలతో వచ్చిన కొత్త నాటకానికి వెళ్దామంటే మా మిత్రుల్లో చాలామంది ఒకటే మాట అన్నారు: "టీవీలో ఆ వేషాలు వేసిన పాల్ ఎడింగ్టన్, నైజెల్ హాథోర్న్ లేకుండా ఏం చూస్తాం?" ఈ మాట నేను ఒప్పుకోను.

మనం తెలుగు నాటకం చూసి పెరిగినవాళ్లం. తిరునాళ్లలో రాయబారం ఆడితే ఒకే రాత్రి పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారం సీనుకు ఇంకో కృష్ణుడు వచ్చేవారు. మనిషి మారాడని ఎవరూ లేచి వెళ్లలేదు. పద్యం బాగుంటే రెండో కృష్ణుడికీ వన్స్‌మోర్ కొట్టారు.

ఆంటొనీ జే, జొనాథన్ లిన్ ఈ కామెడీకి రాసిన మాటల్లోనూ ఆ బలం ఉంది. బీబీసీలో 1980 నుంచి 1988 దాకా, మధ్యలో విరామంతో, వచ్చినవి 38 ఎపిసోడ్లే. మంత్రి జిమ్ హ్యాకర్‌కు ఎప్పుడూ ఓట్ల టెన్షన్. శాఖ కార్యదర్శి సర్ హంఫ్రీకి ఏదీ మారకూడదు. ఆయన మంత్రితో 'వద్దు' అనడు. 'చాలా సాహసమైన నిర్ణయం' అంటాడు, అంతే, మంత్రి వెనక్కి తగ్గుతాడు. 1981 నాటి ఒక ఎపిసోడ్‌లో కొత్త హాస్పిటల్ ఉంటుంది, 500 మందికి పైగా సిబ్బంది ఉంటారు, పేషెంటు మాత్రం ఒక్కరూ ఉండరు. తహసీల్దారు ఆఫీసులో రిటైరైన మా నాన్నగారికి అది చూపించాను. యాస సగమే అర్థమైంది గానీ, ఫైలు ఎక్కడ ఆగిందో నాకంటే ముందే పట్టుకున్నారు.

ఈ కథకు దేశం మారినా ఇబ్బంది లేదు. 2001లో హిందీలో 'జీ మంత్రీజీ'గా వస్తే ఫారూఖ్ షేక్ మంత్రి వేషం వేశారు. 2010లో రచయితలిద్దరూ కలిసి ఇంగ్లండ్‌లోని చిచెస్టర్‌లో నాటకంగా పెట్టారు. డేవిడ్ హెయిగ్ హ్యాకర్‌, హెన్రీ గుడ్‌మన్ హంఫ్రీ. అదే ఏడాది అది లండన్ గీల్గుడ్ థియేటర్‌కు వచ్చింది.

నాకు మాత్రం ఆ తర్వాత వచ్చిన ఈ కొత్త నాటకమే ఎక్కువ ఇష్టం. జే 2016లో పోయారు. లిన్ ఒక్కరే రాసిన ఆ నాటకం 2023లో సైరెన్‌సెస్టర్‌లోని బార్న్ థియేటర్‌లో మొదలైంది. హంఫ్రీగా క్లైవ్ ఫ్రాన్సిస్ వేశారు, తర్వాత గ్రిఫ్ రీస్ జోన్స్ హ్యాకర్‌గా చేరారు. ఇందులో ఇద్దరూ ముసలివాళ్లు. పదవి లేదు, ఫైళ్లు లేవు. హ్యాకర్ ఆక్స్‌ఫర్డ్‌లో ఒక కాలేజీకి పెద్ద. ఆ కుర్చీ కూడా పోయేలా ఉంటే, జీవితమంతా తనను తిప్పలు పెట్టిన హంఫ్రీనే సాయం అడుగుతాడు. ఒకప్పుడు జిల్లా అంతా నమస్కారం పెట్టిన మనుషులు రిటైరయ్యాక పిల్లల ఇళ్లలో ఎలా ఉంటారో మనకు తెలుసు. ఆరు నెలల వీసా మీద వచ్చి, మన కిటికీ దగ్గర కూర్చుని వీధి చూస్తూ ఉంటారు.

మన తెలుగు సంఘం ఏటా బస్సు వేసి పిక్నిక్‌కు తీసుకెళ్తుంది. ఇలాంటి నాటకం దగ్గర్లో ఎక్కడ ఆడినా ఒకసారి ఆ బస్సు అటు తిప్పాలని కమిటీవారిని అడుగుతున్నాను. మొదటి సీట్లు పెద్దవాళ్లకే ఇవ్వాలి. హంఫ్రీ పొడుగు వాక్యాలు వాళ్లకు అందకపోతాయేమో, దారిలో కథ తెలుగులో నేను చెప్తాను. మా నాన్నగారు వేసవికి మళ్లీ వస్తున్నారు, ఆయన పేరు ముందే రాసుకోండి.