కాన్పు అయ్యాక బీపీ ఎవరు చూస్తున్నారు?

మన ఇళ్లలో గర్భిణికి బీపీ వచ్చిందనగానే రెండు మాటలు వినిపిస్తాయి. పచ్చళ్లు మానలేదని ఒకటి, ఆఫీసు టెన్షన్ ఎక్కువైందని ఇంకొకటి. రెండూ తప్పును ఆ అమ్మాయి మీదే వేస్తాయి. ఇది అన్యాయం.

గర్భిణులకు బీపీ పెరిగి ఒళ్లంతా దెబ్బతినే జబ్బును ప్రీఎక్లాంప్సియా అంటారు. దానికి చాలామందిలో బీజం తొలి నెలల్లోనే పడుతుంది. గర్భాశయ గోడలోని మెలికల రక్తనాళాలు అప్పుడు బాగా వెడల్పయి మావికి ధారాళంగా రక్తం అందించాలి. కొందరిలో ఆ మార్పు సరిగా జరగదు. రక్తం చాలని మావి ఎస్ఎఫ్ఎల్‌టీ-1 అనే ప్రొటీన్‌ను తల్లి రక్తంలోకి అతిగా వదులుతుంది. రక్తనాళాల లోపలి పొరను కాపాడే ప్రొటీన్లను అది పట్టేసుకోవడంతో ఆ పొర దెబ్బతిని, నాళాలు బిగుసుకుపోతాయి. 20 వారాలు దాటాక బీపీ 140/90కి చేరడం, మూత్రంలో ప్రొటీన్ పోవడం దాని ఫలితమే. ముదిరితే లివర్, కిడ్నీలు, మెదడు అన్నీ దెబ్బతింటాయి, ఫిట్స్ కూడా రావచ్చు. మన పెద్దవాళ్లు గుర్రపువాతం అని భయపడింది ఈ ఫిట్స్‌కే.

ముందు కాన్పులో ఇది వచ్చినవారికి, కవలలు ఉన్నవారికి, ముందునుంచే బీపీ, షుగర్ ఉన్నవారికి ఇక్కడ అమెరికాలో డాక్టర్లు 12 వారాల తర్వాత, వీలైతే 16 వారాల లోపే, రోజూ 81 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మొదలుపెడతారు. కడుపుతో ఉండగా ఆస్పిరినా అని ఇండియా నుంచి ఫోన్లో ఎవరైనా కంగారు పెడితే మానేయకండి, మీ డాక్టర్‌నే అడగండి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది కాన్పు తర్వాతి వారం. బిడ్డ పుట్టగానే గండం గడిచిందనుకుంటాం. నిజానికి బీపీ మూడో రోజుకీ ఆరో రోజుకీ మధ్య బాగా పెరగొచ్చు. అమెరికాలో మామూలు కాన్పయితే రెండో రోజుకే ఇంటికి పంపేస్తారు. ఇంట్లో బాలింత చెవుల్లో దూది, తలకు గుడ్డ. తల పగిలిపోతోందంటే నిద్ర లేక అంటారు, కళ్లు మసకబారాయంటే నీరసం అంటారు. పురుడు పోయడానికి అంత దూరం నుంచి వచ్చిన అమ్మ ప్రేమలో లోపమేమీ లేదు. ఆమెకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, అంతే. తగ్గని తలనొప్పి, చూపు మసక, పక్కటెముకల కింద కుడివైపు నొప్పి, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా బీపీ చూడాలి, డాక్టర్‌కు వెంటనే ఫోన్ చేయాలి. 160/110కి చేరితే తెల్లారేదాకా ఆగకూడదు, ఎమర్జెన్సీకి వెళ్లి, కాన్పయి ఎన్ని రోజులైందో ముందే చెప్పాలి. ఈ ముప్పు ఆరు వారాల దాకా ఉంటుంది. సీమంతానికి ఇచ్చే కానుకల్లో చేతికి కట్టే బీపీ మిషన్ ఒకటి ఉంటే ఎంత బాగుంటుందో!

బీపీ తగ్గిపోయినా కథ అక్కడితో అయిపోదు. ప్రీఎక్లాంప్సియా వచ్చిన స్త్రీకి తర్వాతి జీవితంలో గుండెజబ్బు, పక్షవాతం ముప్పు దాదాపు రెట్టింపు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2011లోనే దీన్ని స్త్రీల గుండెజబ్బు ముప్పుల జాబితాలో చేర్చింది. అయినా నలభై దాటిన ఎందరు ఆడవాళ్లు ఈ సంగతి తమ డాక్టర్‌కు చెబుతున్నారు?

మన సంఘాలు ఏటా హెల్త్ క్యాంపులు పెడతాయి. అక్కడ నింపే ఫారంలో షుగర్ ఉందా, బీపీ ఉందా అని ఉంటుంది. వాటి కింద ఇంకో ప్రశ్న చేర్చండి: కడుపుతో ఉన్నప్పుడు గానీ, కాన్పయ్యాక గానీ బీపీ వచ్చిందా? ఔనన్నవారికి ఏటా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోమని చెప్పి పంపండి. పురుళ్లకు వచ్చిన అమ్మల్ని, అత్తల్ని కూడా అదే ప్రశ్న అడగండి.