రబ్బరు కప్ప గారికి

తిరుపతి, ఆదివారం రాత్రి.

అయ్యా,

తమరిప్పుడు మా టీవీ పక్కన వెల్లకిలా పడుకుని ఉన్నారు. ఎటూ ఎగరలేరు కాబట్టి కాస్త వినండి.

390 రూపాయలు పోసి తమర్ని తెప్పించింది వీడియోలు చూసి. అమెరికాలో ఒకాయన గట్టున నిలబడి తమరి చుట్టాన్ని గాలానికి కట్టి నీళ్ళ మీదికి విసురుతాడు. బిందె మూతంత నోరేసుకుని లార్జ్‌మౌత్ బాస్ అనే చేప ఎగిరి మింగుతుంది. 1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టిన బాస్ 22 పౌండ్ల 4 ఔన్సులట. అంటే పది కిలోలు! మన చెరువుల్లో బాస్ లేకపోతేనేం, కొరమీను ఉంది కదా అనుకున్నా. అదీ కప్పల్ని మింగేదే, అదీ పిల్లల్ని కాపలా కాసేదే. లెక్కలో తప్పులేదు. గాలం పట్టుకున్న మనిషిలోనే ఉంది.

చెరువు వేలంపాట పాడినాయన్ని బతిమాలుకుని రాయలచెరువు కట్ట ఎక్కాను. 2021 నవంబరు వానలకు నీళ్ళు కారుతున్నాయని కింది ఊళ్ళు ఖాళీ చేయించిన కట్ట. అంత వరదకు నిలబడింది గానీ, నా విసుర్లకే పాపం బెదిరుంటుంది.

తమరు పాచిలో చిక్కుకోరని పెట్టె మీద రాశారు. నిజమే, కొక్కేలు రెండూ వీపుకు అతుక్కునే ఉంటాయి. మరి సీమతుమ్మ కంప సంగతి ఎందుకు రాయలేదు? మొదటి విసురుకు వెనక కొమ్మ. రెండోదానికీ అదే కొమ్మ. మూడోదానికి నా టోపీ. తర్వాత గంటసేపు చెరువు నడిమికి విసిరి చెయ్యి నొప్పి తెచ్చుకున్నా. సర్వదర్శనం క్యూలో అయినా మధ్యలో పాలు ఇస్తారు.

ఎనిమిదింటప్పుడు నా కాళ్ళకు బారెడు దూరంలో, జమ్ము పక్కన, గుబుక్కుమని బుడగ లేచింది. గాలి పీల్చుకోవడానికి కొరమీను పైకొచ్చిందన్నమాట. ఇంతసేపూ ఇక్కడే ఉందా! ఊపిరి బిగబట్టి తమర్ని మెల్లగా దాని ముందుకు లాక్కొచ్చా. తమరి రబ్బరు కాళ్ళు అల్లాడాయి. నీళ్ళు ఉబ్బాయి. టప్పుమంది. తమరు లేరు.

గుంజేశా.

తమరు నేరుగా వచ్చి నా కళ్ళద్దాలకు తగిలారు.

"నోట్లో పెట్టుకునింది గానీ, మింగనిచ్చినారా సామీ?" అన్నాడు గొర్రెలు మేపుకునే అబ్బోడు.

ఆ వీడియో ఆయన కూడా అదే చెప్పాడు, రెండు లెక్కపెట్టి గుంజమని. మాటలొచ్చినప్పుడల్లా ముందుకు తోసేసి, చేప బయటకొచ్చే ముక్క మాత్రం పదిసార్లు చూసినవాణ్ణి నేను.

శనివారం నీసు ముట్టం కాబట్టి, ఆదివారం పులుసుకని మా ఆవిడ చింతపండు నానబెట్టుకుని కూర్చుంది. తమర్ని చూపించా. ఎడమ కాలు సగం తెగింది, పొట్ట మీద సన్నటి పళ్ళ గాట్లు. అటూ ఇటూ తిప్పి చూసి "దీన్నేనా పులుసు పెట్టేది?" అంది. చింతపండు చారుకు పోయింది.

కాలికి ఫెవిక్విక్ వేశాను, తెల్లారేదాకా కదలకండి. వచ్చే ఆదివారం అదే జమ్ము దగ్గరికి పోదాం. టోపీ తేను.

ఇట్లు,
రెండు దాకా లెక్కపెట్టడం రాని తమరి యజమాని