సదరం క్యాంపు చాలు, సమ్మర్ క్యాంపుకు పిలవండి

మన ఊళ్లలో వికలాంగులకు తెలిసిన క్యాంపులు రెండే. వైకల్య శాతం తేల్చే సదరం క్యాంపు ఒకటి, మూడు చక్రాల బండి ఇచ్చి ఫొటో దిగే పంపిణీ క్యాంపు ఇంకొకటి. రెండింట్లోనూ వరసలో కూర్చోవడమే వాళ్ల పని. పిల్లల వేసవి శిబిరాలవాళ్లు పిలిచినా ఆఖరి రోజున, శాలువా కప్పడానికే పిలుస్తారు. మైకులో ‘దివ్యాంగులు’ అంటూనే, మెట్ల వేదిక మీదికి నలుగురు కలిసి చక్రాల కుర్చీతో సహా మోసేస్తారు. ఆ శాలువా ఖర్చు మిగుల్చుకుని, మొదటి రోజే డ్యూటీ చార్టులో వాలంటీరుగా వాళ్ల పేరు రాస్తే చాలు.

అందుకు కావలసినవన్నీ వడ్రంగి చేసే పనులే. ర్యాంపు వాలు 1:12 ఉండాలి. అంటే 6 అంగుళాల మెట్టుకు 6 అడుగుల చెక్క. మనవాళ్లు 3 అడుగుల బల్ల వాల్చి ర్యాంపు అంటారు. దాని మీద ఎక్కబోతే కుర్చీ వెనక్కి పడుతుంది. ఇసుక మైదానంలో ముందు చిన్న చక్రాలు కూరుకుపోతాయి కాబట్టి 8×4 అడుగుల ప్లైవుడ్ షీట్లు వరసగా పరవాలి.

అసలు చిక్కంతా బాత్రూం దగ్గరే. పాత బడుల్లో ఆ తలుపు రెండున్నర అడుగులు మించదు. కుర్చీ వెడల్పే 25, 26 అంగుళాలు. రెక్క మందం పోను చక్రం తిప్పే చేతులకు సందుండదు. 90 సెంటీమీటర్ల దారి, లోపల తిరగడానికి 5 అడుగుల చోటు కావాలి. అవి లేవని తెలిసిన వాలంటీరు పొద్దున్నుంచే నీళ్లు మానేస్తాడు, అదీ మే నెలలో. వెన్నుపాము ఛాతీ దగ్గర దెబ్బతిన్నవారికి ఆ కింది భాగంలో చెమట సరిగా పట్టదు, ఒంటి వేడి దిగదు. క్యాథెటర్ (మూత్రం తీసే గొట్టం) వాడేవారు నీళ్లు తగ్గిస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ ముంచుకొస్తుంది. మూడో రోజుకు మనిషి రాకపోతే ‘పాపం, ఓపిక లేదు’ అనేస్తాం. తలుపు రెక్క పీకి కర్టెన్ కడితే 2 అంగుళాలు కలిసొస్తాయి. ఉదయం 6 నుంచి 9 వరకు నీడలో డ్యూటీ, మెడకు తడిగుడ్డ, ఒక స్ప్రే సీసా ఇస్తే చాలావరకు గట్టెక్కుతుంది.

చూపులేని వాలంటీరుకు చదరంగం అప్పగించండి. చూపులేనివారు ఆడే బల్లకు గడిగడికీ రంధ్రం ఉంటుంది, నల్ల గడులు కాస్త ఎత్తుగా ఉంటాయి, నల్ల పావుల తల మీద గుర్తు ఉంటుంది. తడిమితే తప్పులేదు, రంధ్రంలోంచి పైకి తీస్తేనే పావును తాకినట్టు, అంటే దాన్నే ఆడాల్సినట్టు లెక్క. ప్రతి ఎత్తూ పైకి చెప్పాలి. a నుంచి h దాకా నిలువు వరసలను పిలిచే పేర్లు అన్నా, బెల్లా, సీజర్, డేవిడ్, ఎవా, ఫెలిక్స్, గుస్తావ్, హెక్టర్. ఎత్తులు రాయమంటే మొరాయించే పిల్లలకు ఈ అరుపుల్లోనే గడుల పేర్లు నోటికొస్తాయి. మామూలు కోచ్ నెల రోజులు మొత్తుకున్నా రాని విద్య ఇది.

ఇలాంటి వాలంటీర్లను పెడితే, పిల్లాడు ఈతకొలనులో పడినప్పుడు ఎవరు దూకుతారని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దూకాల్సింది లైఫ్‌గార్డు. చదరంగం నేర్పే మాస్టారిని, కళ్లున్నా సరే, ఎవరూ ఈ ప్రశ్న వేయరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా మోయలేని భారం కాని సర్దుబాటే అడుగుతోంది.

నన్నడిగితే, వాలంటీర్లు రాకపోవడానికి ఇంతకంటే పెద్ద కారణం పింఛను. ఆంధ్రలో 6,000, తెలంగాణలో 4,016 రూపాయలు చేతికి రావాలంటే ఏం చేతకాదో రుజువు చేసుకోవాలి. 2025లో ఆంధ్రలో జరిగిన వికలాంగ పింఛన్ల పునఃపరిశీలన, నోటీసుల గొడవ ఎవరూ మరిచిపోలేదు. అలాంటప్పుడు మైదానంలో క్యారమ్స్ ఆడిస్తూ కనబడితే ‘ఇంత హుషారుగా ఉన్నవాడికి పింఛనెందుకు’ అనే నోరు వీధికొకటి ఉంటుంది. కీళ్లు ఎంత వంగుతాయో, కన్ను ఎంత ఆనుతుందో కొలిచిన శాతానికి, రోజుకు మూడు గంటలు పిల్లలతో గడపడానికీ సంబంధమే లేదు. ఈ రెంటినీ ముడిపెట్టింది ప్రభుత్వం, నమ్మింది మనం. సదరం పత్రంలో చేతనైన పనికి గడి లేదు. శిబిరం దరఖాస్తులో ఆ గడి పెట్టడానికి మాత్రం జీవో అక్కర్లేదు. ఏ పని చేస్తారు, ఏం సర్దాలి అని రెండు ప్రశ్నలు ఏప్రిల్ మొదట్లోనే అడగండి, వడ్రంగికి వ్యవధి ఉంటుంది.