ధర ఇన్‌బాక్స్‌లో చెబుతాం మేడమ్

మా ఆవిడ ఒక చీర ఫొటో కింద "పీపీ" అని పెట్టి ఇవాళ్టికి నాలుగు రోజులు. ప్రైస్ ప్లీజ్ అని పూర్తిగా రాసే ఓపిక జనానికి ఏనాడో పోయింది. అమ్మేవాళ్లకు మాత్రం దాపరికం పోలేదు. బేగంబజార్‌లో బేరమాడే కొట్టువాడైనా నలుగురి ముందే ధర చెబుతాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో ధర మంత్రోపదేశం లాంటిది, చెవిలోనే చెప్పాలి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు మొత్తం ధర ఒకే అంకెగా చూపాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయట. ఆ నిబంధన కూడా ఇన్‌బాక్స్‌లోనే పడి ఉన్నట్టుంది.

పోయిన నెల లైవ్‌లో "అక్కలూ, ఒక్కటే పీస్, స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చెయ్యండి" అంటే మా ఆవిడ చేసింది. పార్సిల్ వచ్చింది. ఓపెనింగ్ వీడియో లేకపోతే రిటర్న్ లేదు కదా! ఇక ఇంట్లో షూటింగ్. కెమెరా నేను, కత్తెర ఆవిడ, టార్చి మా వాడు, సాక్షి మా అత్తగారు. అడ్రస్ నుంచి మొదలుపెట్టాలి, కట్ ఉండకూడదు, పాజ్ ఉండకూడదు. పార్సిల్ మీది మూడో టేపు కోస్తుండగా కుక్కర్ కూసింది. లేవడానికి వీల్లేదు. పప్పు మాడిన వాసన వస్తోంది, అత్తగారు ముక్కు మూసుకుని సాక్ష్యం ఇస్తూనే ఉన్నారు. పోస్టుమార్టం కూడా ఇంత నిష్ఠగా చెయ్యరు. అంతా పంపితే వచ్చిన తీర్పు: "మధ్యలో మీ బొటనవేలు అడ్డొచ్చింది సార్, రిటర్న్ కుదరదు."

ఇంతవరకూ నవ్వుకున్నాను. చీర తిరగేశాక నవ్వు రాలేదు. "ప్యూర్ పోచంపల్లి హ్యాండ్లూమ్" అన్న ఆ చీరకు వెనక వైపు రంగే లేదు. పోచంపల్లి ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు కట్లు కట్టి రంగు అద్దుతారు, అందుకే చీర రెండు వైపులా ఒక్కలాగే ఉంటుంది. ఇది మిల్లు ప్రింటు. 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పేరు అది, నీ పేజీకి హ్యాష్‌ట్యాగ్ కాదు. ఆ చీరల నేతకు ముందు మేకుల చుట్టూ చేత్తో నూలు తిప్పుతూ ఆసు పోసి పోసి తల్లి భుజాలు నొప్పెట్టడం చూడలేకే కదా చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు! ఆ తల్లుల నొప్పిని ఫిల్టర్ వేసి అమ్ముకుంటున్నావు. సిగ్గుండాలి. నేతగాడి ఫొటో పెట్టి, అతని మగ్గం చప్పుడు రీల్ వెనక వాయించి, డబ్బు మాత్రం ప్రింటు గుడ్డకు తీసుకుంటావా? అతని ఇంటికి ఆర్డర్ పోలేదు, నా ఇంటికి చీర రాలేదు. మధ్యలో నీకు లక్ష మంది ఫాలోవర్లు!

ఇది రాస్తుండగానే మా ఆవిడ ఫోన్ మోగింది. నాలుగు రోజుల పీపీకి జవాబు.

"హాయ్ డియర్, ఏ చీర?"