మొహం ఒకరిది, బిల్లు ఇంకొకరిది

పదో తరగతి పరీక్షలకు ముందు మా బడిలో ఒక పూటంతా పుట్టుమచ్చల పనే. సారు ఒక్కొక్కరినీ పిలిచి, చేతులు తిప్పి చూసి, మెడ వంచి చూసి, నామినల్ రోల్స్‌లో రెండేసి గుర్తులు రాసుకునేవారు. మచ్చ దొరకనివాళ్లు మోకాలి మీది పాత దెబ్బ చూపించి గట్టెక్కేవారు. నా ఎస్సెస్సీ సర్టిఫికెట్‌లో మొదటి గుర్తు ఎడమ చెంప మీది పుట్టుమచ్చ. కొన్నేళ్ల తర్వాత ఒక ఉద్యోగం దరఖాస్తుకు ఫొటో దిగితే, స్టూడియో కుర్రాడు సరిగ్గా ఆ మచ్చనే తీసేశాడు. తీయనా అని అడగలేదు, తీశానని చెప్పలేదు. ‘నీట్‌గా చేశానన్నా’ అన్నాడంతే. గుర్తింపు కోసం ప్రభుత్వం రాసుకున్న మచ్చ, గుర్తింపు కోసమే దిగిన ఫొటోలో లేదు.

ఆ కుర్రాడిని తప్పు పట్టడం తేలికే గానీ, ఈ పని అతనితో మొదలైంది కాదు. 1855 పారిస్ ప్రదర్శనలోనే మ్యూనిక్ ఫొటోగ్రాఫర్ ఫ్రాంజ్ హాన్‌ఫ్‌స్టేంగెల్ ఒకే మనిషి బొమ్మను, దిద్దినదీ దిద్దనిదీ, పక్కపక్కన పెట్టి చూపించాడంటారు. మన స్టూడియోల్లో ఫిల్ము రోజుల్లో దీన్ని టచింగ్ అనేవారు. మొహం మీది నల్ల మచ్చ నెగెటివ్‌లో ఖాళీగా, గాజులా కనిపిస్తుంది. నెగెటివ్‌ను వెనకనుంచి వెలుతురు పడేలా వాలుబల్ల మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ఆ ఖాళీని చుక్క చుక్కగా నింపితే ప్రింటులో మచ్చ తేలిపోతుంది. తెల్లగా మెరిసే గాటు అయితే పని తిరగబడుతుంది. అక్కడ నెగెటివ్‌ను బ్లేడు మొనతో గీకాలి. చెయ్యి జారిందా, నెగెటివ్ పోయినట్టే.

ఆ కష్టమే అప్పట్లో హద్దుగా పనిచేసింది. ఊరికే ఎవరూ అంత ఓపిక పెట్టరు కదా. 1990లో ఫొటోషాప్ వచ్చింది. 2002 నాటి ఏడో వెర్షన్‌లో హీలింగ్ బ్రష్ వచ్చాక మచ్చ తీయడం ఒక క్లిక్కు పని. ఇప్పుడు పెళ్లి ఫొటోలు మూడు వేలున్నా ఏఐ సాఫ్ట్‌వేర్‌కు అప్పజెప్పి పడుకుంటే తెల్లారేసరికి అందరి చర్మమూ ఒకేలా నున్నగా తేలుతుంది. పెళ్లికూతురిని కంటితో చూడని ఆల్బమ్ డిజైనర్ ఎక్కడో ఇంకో ఊళ్లో కూర్చుని ఉంటాడు. ఆమె గడ్డం మీద ఉన్నది మొటిమో పుట్టుమచ్చో అతనికెలా తెలుస్తుంది?

రీటచింగ్ చేసేవాళ్ల మధ్య ఒక వాడుక సూత్రం ఉంది. రెండు వారాల్లో పోయేదైతే తీసెయ్, పోనిదైతే ముట్టుకోకు. మొటిమ, దోమకాటు, గడ్డం గీసుకుంటుంటే తెగిన గీత ఎవరి గుర్తింపూ కావు. వాటిని తీస్తే ఎవరికీ నష్టం లేదు. పుట్టుమచ్చ, కాలిన మచ్చ, గ్రహణం మొర్రి కుట్ల గుర్తు, మెల్లకన్ను, బొల్లి, ఒంటి రంగు అలాంటివి కావు. స్టేజీ మీది ఊదా రంగు ఎల్ఈడీ లైటు మొహాన పడి మనిషి రంగే మారిపోతే దాన్ని సరిచేయడం ఫొటోగ్రాఫర్ పనే, చేయకపోతేనే తప్పు. కానీ లైటు తెచ్చిన రంగును తీసేయడం వేరు, పుట్టుకతో వచ్చిన రంగును తీసేయడం వేరు.

ఆ సూత్రం నాకూ సమ్మతమే, కాకపోతే అది సగమే చెబుతుంది. పోని మచ్చను కూడా ‘క్లయింటు అడిగితే’ తీయొచ్చు అంటారు. మన దగ్గర క్లయింటంటే ఎవరు?

పెళ్లికి ఫొటోగ్రాఫర్‌ను మాట్లాడేది తండ్రో మేనమామో. అడ్వాన్సు ఆయనే ఇస్తాడు. ఆల్బమ్ సెలక్షన్‌కు అక్కాబావా వెళ్తారు. ‘అమ్మాయి కొంచెం చామనఛాయ, చూసుకోండి’ అని ఒక మాట వేస్తారు. ఆ ‘చూసుకోండి’ తిన్నగా సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తుంది. ఆ మొహం ఎవరిదో ఆ అమ్మాయి చెవిన మాత్రం ఆ మాట పడదు. ఆల్బమ్ చేతికొచ్చాక చూసుకుంటే మొహం ఒక రంగు, గోరింటాకు పెట్టిన చేతులు ఇంకో రంగు. దిష్టి తగలకుండా బుగ్గన కాటుక చుక్క పెట్టి, దాని పక్కనే ఉన్న అసలు పుట్టుమచ్చను తీయించడం మనకే చెల్లింది.

ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలు ఇంకా బాధ. పన్నెండు, పదమూడేళ్ల పిల్ల. వీధి మలుపులో పదడుగుల బొమ్మలో తను తనలా ఉండదు. స్కూలుకెళ్తూ వస్తూ దాని కిందనుంచే నడవాలి. ఇంట్లోవాళ్లు ముద్దుగానే చేయించి ఉంటారు, సందేహం లేదు. పిల్లకు మాత్రం ఒక సంగతి అర్థమైపోతుంది: వీళ్లకు ఇలాంటి పిల్ల కావాలన్నమాట.

పేరున్నవాళ్లకూ ఇది తప్పలేదు. 2017లో బ్రిటన్ గ్రాజియా పత్రిక ముఖచిత్రంలో నటి లుపితా న్యాంగో జుట్టును కొంత చెరిపి, కొంత నున్నగా చేశారు. ఆమె బహిరంగంగా అభ్యంతరం చెప్పాక ఆ ఫొటోగ్రాఫర్ క్షమాపణ అడిగాడు. మన ఫ్లెక్సీ మీది పిల్లకు ఆ అవకాశం లేదు.

కాబట్టి డబ్బు కట్టినంత మాత్రాన ఇంకొకరి మచ్చ మీద హక్కు రాదు. ఆ మాట మొహం ఉన్న మనిషి నోటి నుంచే రావాలి. చిన్నపిల్లలైతే పోని మచ్చను అసలు ముట్టుకోకపోవడమే మేలు, అమ్మానాన్నలు అడిగినా సరే.

మరి ఫొటోగ్రాఫరే ముందు అడగొచ్చా? ‘మేడమ్, ఈ మచ్చ తీసేయమంటారా?’ అనడంలో మర్యాద ఉన్నట్టే ఉంటుంది. అప్పటిదాకా ఆమెకు తన మచ్చ గుర్తే లేదేమో. అడగడంతోనే అది లోపమని తేల్చి చెప్పినట్టయింది. దానికన్నా బుకింగ్ అప్పుడే, వచ్చిన ప్రతివారినీ ఒకే ప్రశ్న అడగడం నయం: ‘ఫొటోల్లో ఏమైనా మార్చమంటారా, ఉన్నదున్నట్టు ఉంచమంటారా?’ ఏమీ చెప్పకపోతే ఉన్నదున్నట్టే. 2020లో గూగుల్ తన పిక్సెల్ ఫోన్లలో మొహం దిద్దే ఫిల్టర్‌ను మనం ఆన్ చేసుకుంటేనే పనిచేసేలా మార్చింది, అందం అన్న మాటను ఆ ఫిల్టర్ల పేర్లలోంచి తీసేసింది. ఫోన్ కంపెనీకి తట్టింది స్టూడియోకు తట్టకపోవడమేమిటి!

మనిషి తనకు తానే అడిగితే మాత్రం ఉపన్యాసాలు వద్దు. కాలిన మచ్చతో ఇరవై ఏళ్లుగా అద్దం చూసుకుంటున్న ఆమె, ఒక్క ఫొటోలో అది వద్దనుకుంటే ‘మీరు ఇలాగే బాగున్నారు’ అని పాఠం చెప్పడానికి మనమెవరం? చేసివ్వాలి, దిద్దని ఫొటో కూడా దాచి ఉంచాలి. చెరపకుండా చేయగల పని కూడా చాలా ఉంది. చిన్నతనంలో మశూచితో ఎడమ కన్ను పోయిన మహారాజా రంజిత్ సింగ్‌ను చిత్రకారులు చాలాసార్లు పక్కనుంచే గీశారు. ఆయన పోయిన 1839లోనే ఫొటోగ్రఫీ సంగతి లోకానికి వెల్లడైంది. లైటు ఏ వైపు పెట్టాలి, తల ఎంత తిప్పమనాలి అన్నది తెలిసిన ఫొటోగ్రాఫర్‌కు సగం సార్లు బ్రష్‌తో పనే పడదు.

సంబంధాల కోసం తీసే ఫొటో దగ్గర నేనూ తడబడతాను. అక్కడ చూసి నమ్మే మూడో మనిషి ఉన్నాడు. మచ్చ తీసిన ఫొటో చూసి వచ్చినవాళ్లు పెళ్లిచూపుల్లో మొహమొహాలు చూసుకుంటారు. ఆ పది నిమిషాలు భరించేది ఫొటో దిద్దినవాడు కాదు, దిద్దించిన తండ్రీ కాదు. అందుకే ఆ ఒక్క ఫొటోకు, స్వయంగా అడిగినా, కాదనే హక్కు ఫొటోగ్రాఫర్‌కు ఉండాలంటాను.

చట్టాలు ఇక్కడ పెద్దగా అక్కరకు రావు. ఫ్రాన్సులో 2017 నుంచి, నార్వేలో 2022 నుంచి ఒళ్లు దిద్దిన వ్యాపార ఫొటోల మీద ఆ సంగతి రాయాలి. అవి ప్రకటనల సంగతి, ఇంటి గోడ మీది ఫొటో జోలికి రావు.

ఈమధ్య మా వీధి చివరి స్టూడియోలో ఒక కుటుంబం కూర్చుని ఉంది. వాళ్ల పెద్దాయన పోయాడు. దండ వేయడానికి ఫ్రేము కావాలి. ఉన్నదొక్కటే, ఏదో ఫంక్షన్‌లో సెల్‌ఫోన్‌తో తీసిన గ్రూపు ఫొటో. అందులోంచి ఆయన మొహం కత్తిరించి పెద్దది చేస్తే అంతా మెత్తగా అలుక్కుపోయింది. ‘మచ్చ రాలేదు బాబూ, మచ్చ పెట్టు’ అంది ఆయన భార్య. ‘ఎక్కడమ్మా?’ అన్నాడు ఆపరేటర్, మౌస్ పట్టుకుని. ఆమె, ఇద్దరు కొడుకులు, కోడలు నలుగురూ ఒకేసారి తమ మొహం మీద, కుడి ముక్కుపుట పక్కన వేలు పెట్టి చూపించారు.