మిగిలిన తొమ్మిది భాగాల సంగతి

షాద్‌నగర్ నుంచి జడ్చర్ల దాకా, చౌటుప్పల్ నుంచి చిట్యాల దాకా హైవే పక్క ఊళ్లలో నలుగురు కూర్చుంటే ముందు వచ్చే మాట గజం ఎంత పలుకుతోంది, ఎకరం ఎంతకు పోయింది అన్నదే. రీజనల్ రింగ్ రోడ్డు ఎటు నుంచి పోతుందన్న టెన్షన్ ఒకవైపు, పోతే ఎంత వస్తుందన్న లెక్క ఇంకోవైపు. ఒకప్పుడు ఆముదాలు, జొన్నలు తప్ప ఏమీ పండని చెల్కలకు కోట్లు పలుకుతున్నాయి. ఆ చెల్కల గట్ల మీదే అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయాయి. ఆడపిల్లను పండక్కి పిలవడం మానేసిన ఇళ్లవాళ్లు కూడా సంతకం కోసం మాత్రం ఆమె అత్తగారింటికి కారు పంపుతున్నారు. క్రైస్తవ కుటుంబాలు ఇందుకు మినహాయింపేమీ కావు. ఆదివారం ఒకే మందిరంలో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చుని ఒకే పాట పాడే అన్నదమ్ములు మన సంఘాల్లో ఉన్నారు.

లూకా సువార్త 12వ అధ్యాయంలోని ధనవంతుడి ఉపమానం అందరికీ తెలిసిందే. పంట బాగా పండింది, కొట్లు విప్పి ఇంకా పెద్దవి కట్టుకుంటానన్నాడు, ఆ రాత్రే ప్రాణం పోయింది. మన దగ్గర సమాధి కార్యక్రమాల్లో ఈ భాగం తరచుగా చదువుతారు. కానీ యేసు ఈ కథ ఏ సందర్భంలో చెప్పాడో మాత్రం ఎవరూ ఎత్తరు. గుంపులోంచి ఒకడు లేచి, మా నాన్న ఆస్తిలో నా వాటా పంచమని మా అన్నకు చెప్పండి అని అడిగాడు. దానికి జవాబుగా వచ్చిన కథ ఇది. అంటే అది పొలం పంపకాల పంచాయితీలో పుట్టిన ఉపమానం. ఈ రోజు మన పాలమూరు, నల్లగొండ సంఘాలకు ఇంతకంటే సూటిగా తగిలే వాక్యం ఇంకోటి ఉంటుందని నేననుకోను. పైగా ఆ ధనవంతుడు ఎవరినీ మోసం చేసినట్టు కథలో ఎక్కడా లేదు. భూమి పండింది, అంతే. అతను మాట్లాడిందల్లా తనతో తానే. నా పంట, నా కొట్లు, నా ఆస్తి, నా ప్రాణం. ఆ సంభాషణలో పొరుగువాడు లేడు, పొలంలో పనిచేసిన కూలీ లేడు, దేవుడూ లేడు.

కానుక పట్టుకుని బలిపీఠం దగ్గరికి వచ్చాక నీ సహోదరుడికి నీమీద ఏదో ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే పెట్టి ముందు వెళ్లి సమాధానపడి రమ్మని కొండమీది ప్రసంగంలో ఉంది. భూమి అమ్మిన డబ్బులో పదో వంతు తెచ్చి మందిరానికి స్లాబు వేయిస్తానన్న విశ్వాసిని, చెల్లెలి వాటా ఇచ్చావా బిడ్డా అని ఏ పాస్టరు అయ్యగారైనా అడిగితే, ఆ సంఘంలో నిత్యత్వం గురించి, అంటే చావు తర్వాతి శాశ్వత జీవితం గురించి, నిజంగా ఆలోచిస్తున్నారని నేను నమ్ముతాను.

మన ప్రసంగాలన్నీ పదో వంతు చుట్టూనే తిరుగుతున్నాయి. మలాకీ 3వ అధ్యాయం కంఠతా రాని విశ్వాసి ఉండడు. దశమభాగం ఇవ్వకపోతే దేవుని దగ్గర దొంగిలించినట్టే అన్నది అందులోని మాటే, దాన్ని తేలిక చేయడం నా ఉద్దేశం కాదు. కానీ మోషే ధర్మశాస్త్రంలో దశమభాగం ఎవరికి చేరాలో కూడా రాసి ఉంది. ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చివర చూడండి. మూడేళ్లకోసారి ఆ భాగాన్ని ఊళ్లోనే ఉంచాలి. ఆలయ సేవ చేస్తూ సొంత భూమి వాటా లేని లేవీయుడు, పరదేశి, తండ్రి లేని పిల్లలు, విధవరాలు వచ్చి తిని తృప్తి పొందాలి. ఈ రెండు వచనాలు కానుకల ఆదివారం నాడు చదివిన సంఘాలు ఎన్ని?

ఇక టీవీలోనూ యూట్యూబ్‌లోనూ వినిపించే ‘విత్తన కానుక’ బోధ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఇంత విత్తితే నూరంతలు వస్తుంది, అప్పులు తీరతాయి, వీసా వస్తుంది అంటూ కింద క్యూఆర్ కోడ్ వేస్తారు. అది చిట్టీ కట్టించుకున్నట్టే. తిరిగి వస్తుందన్న ఆశతో ఇచ్చింది దానం ఎలా అవుతుంది? చిమ్మెట, తుప్పు తినేసే చోట కూడబెట్టుకోవద్దని యేసు చెబితే, అదే చోట ఇంకాస్త కూడబెట్టుకోవడానికి దేవుణ్ణి దారిగా చూపిస్తున్నారు. కూలి చేసుకునే ఇళ్లలోంచి ఆ డబ్బు పోతోంది. అందుకే దీన్ని సిద్ధాంత భేదం అని సర్దుకుపోలేం.

మన ఊళ్లలో కోత పండుగ చూసినవాళ్లకు ఇవ్వడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఆ రోజు మందిరం ముందు భాగం చిన్న సంతలా ఉంటుంది. జొన్న కంకుల కట్టలు, వేరుశనగ కాయల మూట, తెల్లగా విచ్చిన పత్తి నింపిన గంప, బియ్యం సంచి, రెండు గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన నాటుకోడి. ప్రార్థన అయ్యాక వేలం పాట మొదలవుతుంది. సంఘ పెద్ద ఒకాయన గుమ్మడికాయ పైకెత్తి పట్టుకుంటాడు. వంద రూపాయల కాయ ఐదొందలు దాటుతుంది, వెయ్యి దాటుతుంది, ప్లాట్ల వ్యాపారం చేసే తమ్ముడు పాడుకుంటాడు, అందరూ చప్పట్లు కొడతారు. ఆ కాయ తెచ్చిన ముసలామె వెనక వరసలో చాప మీద కూర్చుని ఉంటుంది. పెరట్లో కాసిన మొదటి కాయను కూర వండుకోకుండా కొంగు కింద పెట్టుకుని నడిచి వచ్చి ఉంటుంది. ఆమెకు ఎవరూ చప్పట్లు కొట్టరు. వేలం పాడినవాళ్ల ఉత్సాహాన్ని నేను తప్పుపట్టడం లేదు, ఆ సందడి నాకూ ఇష్టమే. అయితే రిజిస్టర్‌లో పాడినవాళ్ల పేర్లు, అంకెలు ఉంటాయి, కాయ తెచ్చినవాళ్ల పేర్లు ఉండవు. ఆ ఒక్క పద్ధతి మార్చుకోవచ్చు.

రెండు కాసులు వేసిన విధవరాలి కథ కూడా ఇక్కడే గుర్తు చేసుకోవాలి. మార్కు 12వ అధ్యాయంలో ఆ కథకు సరిగ్గా ముందు మాట, ధర్మశాస్త్రం బోధించే శాస్త్రులు విధవరాళ్ల ఇళ్లు మింగేస్తున్నారన్నది. సరిగ్గా తర్వాతి మాట, ఈ ఆలయంలో రాయి మీద రాయి నిలవదన్నది. ముందూ వెనకా వదిలేసి మధ్య కథ ఒక్కటే చదివితే, పేదవాళ్ల దగ్గర ఉన్నదంతా అడగడానికి అది ఆయుధమవుతుంది. మొత్తం కలిపి చదివితే, ఆమె త్యాగాన్ని మెచ్చుకున్న ప్రభువే, ఆమెను ఆ స్థితికి తెచ్చినవాళ్లకు తీర్పు చెప్పాడని తెలుస్తుంది. రెండూ నిజమే. మన సంఘాల్లో మొదటిది మాత్రమే బోధిస్తున్నాం.

నిత్యత్వపు చూపుతో ఇవ్వడం అంటే ఎలా ఉంటుందో చూడటానికి దూరం పోనక్కర్లేదు, నల్లగొండ చరిత్రే చాలు. అబ్రహం ఫ్రీజెన్, ఆయన భార్య మరియా 1889లో రష్యా నుంచి బయల్దేరి, 1890లో నల్లగొండలో పని మొదలుపెట్టారు. వాళ్లను పంపినవాళ్లు దక్షిణ రష్యాలో, అంటే ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతంలో, గోధుమలు పండించుకునే మెన్నోనైట్ అనే క్రైస్తవ శాఖకు చెందిన రైతులు. అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి ఆ పని సాగింది. ఆ రైతుల్లో ఎక్కువమంది నల్లగొండను జన్మలో చూసింది లేదు. అయినా పంట అమ్మిన డబ్బులోంచి తీసి పంపారు. తర్వాత 1914లో యుద్ధం, 1917లో విప్లవం, 1921-22లో కరువు వచ్చాయి. ఆ రైతుల పొలాలు పోయాయి, కొట్లు పోయాయి, ధాన్యం పోయింది. వేలమంది కట్టుబట్టలతో కెనడాకు వలసపోయారు. తమ కోసం దాచుకున్నది వాళ్లకు దక్కలేదు. నల్లగొండకు పంపినది మాత్రం చర్చిగా, బడిగా, చదువుకున్న మనుషులుగా మిగిలింది. పరలోకమందు ధనము కూర్చుకొనుడి అన్న మాటకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

1899లో అమెరికా నుంచి ఎన్.ఎన్. హీబర్ట్ వచ్చాక, తర్వాతి దశాబ్దాల్లో నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, కల్వకుర్తి, గద్వాల వైపు పని విస్తరించింది. జడ్చర్లలో మిషన్ ఆస్పత్రి వెలిసింది. ఎవరో కడుపు కట్టుకుని పంపిన డబ్బుతో కొన్న ఆ పాత మిషన్ స్థలాల చుట్టూ ఇప్పుడు గజాల లెక్క తిరుగుతోంది. చాలాచోట్ల సంఘాల ఆస్తులు కోర్టుల్లో నలుగుతున్నాయి. ఇది చూస్తూ మాట్లాడకుండా ఉండటం నావల్ల కాదు.

ఇప్పుడు పదో వంతు ఇచ్చాక మన దగ్గర మిగిలిన తొమ్మిది భాగాల దగ్గరికి వద్దాం. మన ఊళ్లలో చేబదులు వడ్డీ నూటికి రెండు, మూడు రూపాయలు. మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. నెహెమ్యా 5వ అధ్యాయంలో యూదా ప్రజలు కరువులో పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువపెట్టి, చివరికి పిల్లల్ని కూడా దాస్యానికి అప్పగించి ఏడ్చారు. నెహెమ్యా పెద్దల్ని సభకు పిలిచి, తీసుకున్న పొలాలతో పాటు వాళ్ల దగ్గర పట్టిన నూరో భాగాన్ని కూడా తిరిగి ఇచ్చేయమన్నాడు. ఆ నూరో భాగం అంటే నెలకు నూటికి ఒకటి అని చాలామంది పండితులు వివరిస్తారు. అంటే ఒక్క రూపాయి వడ్డీకే అక్కడ అంత గొడవ జరిగింది. మూడు రూపాయల వడ్డీకి తిప్పుతూ అందులోంచి పదో వంతు తీసి కానుకల సంచిలో వేస్తే ఆ లెక్క దేవుని ముందు నిలుస్తుందా?

కూలి సంగతీ అంతే. మీ చేలు కోసినవాళ్ల కూలి మోసంగా బిగపట్టారు, ఆ కూలి మొరపెడుతోంది అని యాకోబు పత్రిక 5వ అధ్యాయం చెబుతుంది. పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా తెలుసు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని కాలువలు తవ్వడానికి, డ్యాములు కట్టడానికి, బొంబాయి బిల్డింగులు లేపడానికి తరతరాలుగా మనవాళ్లు పోయారు. మన సంఘాల్లో ఎక్కువమంది ఆ ఇళ్లవాళ్లే. అలాంటి ఇంట్లో పుట్టి, చదువుకుని, నాలుగు రాళ్లు వెనకేసుకున్న విశ్వాసి ఇల్లు కట్టించేటప్పుడు తాపీ మేస్త్రీకి శనివారం సాయంత్రం కూలి లెక్క సరిగ్గా తేల్చాడా లేదా అన్నది కూడా ఆదివారం కానుక లోకే వస్తుంది. యేసును ఇంటికి చేర్చుకున్న సుంకరి జక్కయ్య సంగతి గుర్తుందిగా. సగం ఆస్తి బీదలకు ఇస్తానన్న నోటితోనే, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఈ ఇంటికి నేడు రక్షణ వచ్చిందని ప్రభువు అన్నది ఆ రెండో మాట కూడా విన్నాకే. కట్నాల గురించి, పెళ్లి ఖర్చుల గురించి ప్రత్యేకంగా రాయను, అందరికీ తెలిసిందే.

ఒక అభ్యంతరం వస్తుంది. మన సంఘాలు పేదవి, వాళ్లకు దానం గురించి చెప్పడమేంటని. అందులో న్యాయం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రంలో వాళ్లను బీసీ-సీ కింద లెక్కిస్తారు. ఊరి అయ్యగార్ల పరిస్థితి కూడా చాలాచోట్ల దయనీయమే. నెలంతా తిరిగి, ప్రతి చావుకూ ప్రతి పెళ్లికీ ముందుండి, పిల్లల ఫీజులకు అప్పు చేసేవాళ్లే ఎక్కువ. సువార్త ప్రకటించేవాడు సువార్త వల్ల బతకాలని పౌలు చెప్పాడు, అది హక్కు. అయినా మాసిదోనియ సంఘాల గురించి అదే పౌలు రాసింది ఏమిటి? నిరుపేదలై ఉండి కూడా శక్తికి మించి ఇచ్చారని, ఇచ్చే అవకాశం కోసం బతిమాలారని. పేదవాళ్లు ఇవ్వలేరనుకోవడం వాళ్లను చిన్నచూపు చూడటమే. మన స్త్రీల సమాజాల్లో వంటకు బియ్యం కొలిచే ముందు ఒక గుప్పెడు తీసి పక్కన పెట్టే తల్లులు ఉన్నారు. మిజోరంలో ఇదే గుప్పెడు బియ్యం పద్ధతి వందేళ్లకు పైగా సంఘాలను నిలబెట్టింది.

అయితే ఆ పేదల డబ్బుకు లెక్క ఉండాలి. యెరూషలేములోని పరిశుద్ధుల, అంటే అక్కడి విశ్వాసుల, కోసం పోగుచేసిన చందాను పౌలు ఒక్కడే మోసుకుపోలేదు. తీతుతో పాటు సంఘాలు ఎన్నుకున్న సహోదరుల్ని జతచేశాడు, ఈ విషయంలో మమ్మల్ని ఎవరూ నిందించకూడదని కారణం కూడా రాశాడు. అంతటి అపొస్తలుడే అంత జాగ్రత్త పడితే, లెక్క అడిగితే దేవుడు ఏర్పరచుకున్న అభిషిక్తుణ్ణి ముట్టినట్టు అని నోరు మూయించడం ఎక్కడి బోధ?

నా ఉద్దేశంలో ఈ ఏడు కోత పండుగ నుంచి ఏ సంఘమైనా మొదలుపెట్టగలిగిన పని ఒకటుంది. అరవై కుటుంబాల సంఘం అనుకుందాం. ఇంటికి నెలకు 200 రూపాయలు ప్రత్యేకంగా పక్కన పెడితే ఏడాదికి 1,44,000 అవుతుంది. అందులోంచి ఏడు ఇళ్లకు ఇరవై వేల చొప్పున వడ్డీ లేకుండా ఇవ్వవచ్చు, ముఖ్యంగా మేస్త్రీ అడ్వాన్సులో ఇరుక్కున్నవాళ్లకు, బోరు ఎండి పత్తికి పెట్టుబడి లేనివాళ్లకు. అదే డబ్బు మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే ఒక్కో ఇల్లు ఏడాదికి 7,200 కట్టాలి, ఏడు ఇళ్లకు కలిపి 50,400. అది సంఘంలోనే మిగులుతుంది. అప్పు ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో స్త్రీల సమాజం నుంచి కనీసం ఇద్దరు ఉండాలి, ఎవరి ఇంట్లో పొయ్యి వెలగడం లేదో వాళ్లకే ముందు తెలుస్తుంది. మందిరానికి రాని ఇళ్లకు, ఇతర మతాల ఇళ్లకు కూడా అందులో వాటా ఉండాలి. కొందరు తిరిగి కట్టలేరు, ఆ సంగతి ముందే అనుకుని మొదలుపెట్టాలి. తిరిగి వస్తుందని ఆశపడకుండా అప్పివ్వండని లూకా 6వ అధ్యాయంలో ఉంది కాబట్టి, రాని బాకీని ట్రెజరర్ కానుకల ఖాతాలోనే ఖర్చు కింద రాసేయాలి, ఆ ఇంటివాళ్ల పేరు మందిరంలో చదవకూడదు.